అమ్రాబాదు అడవిలో ఒక పగలు: పక్షి పరిశీలన గురించి కొన్ని మాటలు

పక్షులను చూడడానికి ప్రత్యేకంగా ఒక పగలంతా వెచ్చించడమేమిటని ఆశ్చర్యపడేవారు విద్యార్థులలోనే గాక పెద్దలలోనూ ఉన్నారు. కాకి, పిచ్చుక, పావురం ఇంటి ముంగిటనే కనబడుతున్నవి గదా, కొంగలు చెరువుగట్టునే నిలిచి ఉన్నవి గదా, వాటికోసం తెల్లవారుజామున బస్సెక్కి అడవికి పోవలసిన పనేమున్నదని వారి ప్రశ్న. ప్రశ్న సమంజసమైనదే. అయితే ఈ ప్రశ్నను తక్కిన జిల్లాలవారు అడిగినంత తేలికగా ఉమ్మడి మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాల విద్యార్థులు అడగరాదు. ఎందుకనగా, భారతదేశంలో పక్షిశాస్త్రానికి పెద్దదిక్కుగా పేరుపొందిన సలీం అలీ తన తొలి ప్రాంతీయ సర్వేను జరిపింది ఆనాటి హైదరాబాదు సంస్థానంలో. ఆ సందర్భంలో ఆయన గుడారాలు వేసిన తావులలో మన మన్ననూరు, ఫరహాబాదు ఉన్నవి.

ఆ చరిత్రలోకి పోవడానికి ముందు అడవిని గురించి ఒక మాట చెప్పవలసి ఉన్నది. ఉష్ణమండలపు అడవి అనగానే మన విద్యార్థుల మనసులో మెదిలేది సినిమాలలోనూ, భూగోళశాస్త్ర పాఠాలలోనూ చూచిన వర్షారణ్యం: ఆకాశం కనబడని పచ్చని కప్పు, నిత్యం కారే తేమ, జలగలు. నల్లమల అట్టి అడవి కాదు. కర్ణాటకలోని ఆగుంబెలో ఏడాదికి 7,000 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా వాన కురుస్తుంది; మహబూబ్‌నగర్ మైదానంలో కురిసేది 600 మిల్లీమీటర్లకు దగ్గరగా మాత్రమే. నల్లమల కొండలపైన అంతకంటె కొంత ఎక్కువ కురిసినా, అది ఆకురాల్చే అడవియే. నల్లమద్ది, చిరుమాను, నారేపి, తునికి, ఇప్ప, మోదుగ చెట్లు మాఘ ఫాల్గుణాలలో ఆకు రాల్చి దిగంబరంగా నిలుస్తవి.

పక్షులను చూచేవారికి ఇది నష్టమని కొందరు తలుస్తారు. నా అభిప్రాయం వేరు. వర్షారణ్యంలో పక్షుల రకాలు మిక్కుటమే గాని, అవి ముప్పై, నలభై మీటర్ల ఎత్తున ఆకుల మరుగున తిరుగుతుంటవి. మెడ నొప్పి పుట్టేదాకా చూచినా తోక కొస మాత్రమే కనబడుతుంది. అక్కడ చెవి ముందు, కన్ను తరువాత. మన అడవిలో ఫిబ్రవరి వచ్చేసరికి తెర తొలగినట్లు కొమ్మలన్నీ బయటపడుతవి. ఆకు లేని మోదుగ చెట్టు నిండా ఎఱ్ఱని పూలు, ఆ పూలలో తేనె కొరకు తేనెపిట్టలు, గోరువంకలు, పికిలిపిట్టలు చేరి చేసే సందడి దూరం నుండియే కనబడుతుంది. వేసవి ముదిరి వాగులు ఎండిన తరువాత మిగిలిన చెలమ దగ్గర ఒక గంట కదలకుండా కూర్చుంటే, అడవియే మన ముందుకు వచ్చి నీరు త్రాగి పోతుంది. కొత్తగా నేర్చుకొనేవారికి ఇంతకంటె మంచి పాఠశాల లేదు.

సలీం అలీ 1896లో బొంబాయిలో జన్మించినాడు. చిన్నతనంలోనే తల్లిదండ్రులను కోల్పోయి మేనమామ ఇంట పెరిగినాడు. ఒకనాడు బొమ్మ తుపాకితో కొట్టిన పిచ్చుకకు గొంతు క్రింద పసుపు మచ్చ ఉండడం చూచి, అదేమి పక్షియో తెలిసికొనడానికి బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ తలుపు తట్టిన కథ చాలామంది పాఠ్యపుస్తకాలలో చదివియే ఉంటారు. అంతగా తెలియని సంగతి మరొకటి ఉన్నది. ఆయన జర్మనీకి పోయి బెర్లిన్‌లో స్ట్రెసెమన్ అనే మహా పండితుని వద్ద శిక్షణ పొంది 1930లో తిరిగి వచ్చినప్పుడు స్వదేశంలో ఆయనకు ఉద్యోగం లేదు. ఆ నిరుద్యోగ దినాలలోనే సముద్రతీరాన కిహిం గ్రామంలో కాపురముండి గిజిగాళ్ళ గూళ్ళను గమనించినాడు. పిదప ఒక ఉపాయం ఆలోచించినాడు. ఏ సంస్థానమైనా గుడారాలకు, ప్రయాణాలకు అయ్యే ఖర్చు భరిస్తే జీతం లేకుండానే ఆ సంస్థానంలోని పక్షులను సర్వే చేసి ఇస్తానన్నాడు. దీనికి మొదట ముందుకు వచ్చినది హైదరాబాదు ప్రభుత్వం. 1931-32 సంవత్సరాలలో ఆ పని జరిగినది. ఆయన సతీమణి తెహ్మీనా ఆ తొలి సర్వేల కాలంలో ఆయనకు తోడుగా అడవి కష్టాలు పంచుకున్నది. ఫలితాలు ఇంగ్లండులోని హ్యూ విస్లర్ వ్యాఖ్యలతో 1933-34లో సొసైటీ పత్రికలో భాగాలుగా వెలువడినవి. దీనికి కొద్దికాలం ముందు వెర్నే సర్వే పేరుతో తూర్పు కనుమలలో మరొక బృందం పనిచేసి, కృష్ణకు దక్షిణాన కర్నూలు వైపు నల్లమలను చూచినది. ఆ విధంగా నదికి రెండు వైపులా దాదాపు ఒకే కాలంలో పక్షుల లెక్క తేలినది.

ఆనాటి పద్ధతి తుపాకి పద్ధతి అని దాచడమెందుకు? పక్షిని కొట్టి, చర్మం ఒలిచి, దూది కూరి, చీటీ కట్టి మ్యూజియంలో భద్రపరచేవారు. అట్లు చేసినందువల్లనే నేడు మనం ఆ పక్షుల కొలతలను, రంగులను పోల్చి చూడగలుగుతున్నాము. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం తరువాత ఆ మార్గం మూతపడినది. తుపాకి స్థానంలోకి బైనాక్యులర్, కెమెరా వచ్చినవి.

ఫరహాబాదు అనే పేరులోనే ఒక చమత్కారమున్నది. ఫరహ్ అంటే ఆనందం. ఆనందానికి నెలవైన ఊరు అని అర్థం. నిజాం కాలంలో అది వేట విడిది. ఆనందమంటే ఆనాడు పులివేట అని వేరుగా చెప్పనక్కరలేదు. అదే నేల 1978లో నాగార్జునసాగర్-శ్రీశైలం అభయారణ్యంలో చేరినది, 1983లో పులుల సంరక్షణ పథకం క్రిందికి వచ్చినది. రాష్ట్ర విభజన పిమ్మట కృష్ణకు ఉత్తరానగల భాగం అమ్రాబాదు పులుల అభయారణ్యంగా ఏర్పడినది. దాని విస్తీర్ణం 2,611 చదరపు కిలోమీటర్లు. అందులో అధిక భాగం పాత మహబూబ్‌నగర్ జిల్లాలోనిది, కొంత దేవరకొండ వైపున నల్లగొండలోనిది.

ఇక పేర్ల సంగతి. మన కళాశాలలో రెండు భాషలవారు ఒకే బెంచీమీద కూర్చుంటారు గనుక ఈ విషయం ఇతరులకంటె మనకు రుచిస్తుంది. పాలపిట్టను ఉర్దూవారు నీల్‌కంఠ్ అంటారు: ఒకరు పాలను తలచినారు, మరొకరు రంగును చూచినారు. పశువుల వీపు మీద సవారి చేసే నల్లని చీలికతోక పక్షిని మన పల్లెలలో పసులపోలిగాడు అంటారు. ఉర్దూలో అదే కొత్వాల్. కాకిని, గద్దను తన గూటి దరికి రానీయక తరిమికొట్టడం చూచినవారెవరైనా ఆ పోలీసు ఉద్యోగం దానికే తగినదని ఒప్పుకుంటారు. దాని పెద్దన్న వంటిది అడవిలో ఉన్నది. తోక చివర రెండు పొడుగాటి తీగెలు, వాటి కొసన రెండు ఆకులు వేలాడుతున్నట్లుంటవి. దానికి భీంరాజ్ అని పేరు. తలపై కిరీటం గల కూకుడుగువ్వయే హుద్‌హుద్. సులైమాన్ ప్రవక్త కథలో సబా దేశపు రాణి వార్త తెచ్చినదీ, అత్తారు కావ్యంలో పక్షులన్నిటికి దారి చూపినదీ అదియే. 2014 అక్టోబరులో విశాఖపట్టణాన్ని అతలాకుతలం చేసిన తుఫానుకు ఈ అమాయకపు పక్షి పేరు పెట్టడం మాత్రం అన్యాయమని నాకు తోచును.

పేర్లు కేవలం భాషా వినోదం కాదు. మద్రాసు సైన్యంలో వైద్యుడుగా ఉండిన జెర్డాన్ తన గ్రంథాలలో పక్షుల తెలుగు పేర్లను ఎన్నిటినో వ్రాసి ఉంచినాడు. నెల్లూరు వైపు వేటగాండ్రు, అడవి ప్రజలు చెప్పినవే అవి. ఆయన కనుగొనగా 1848లో శాస్త్రలోకానికి తెలిసిన కలివికోడి 1900 తరువాత ఎవరికీ కనబడక, అంతరించినదనియే శాస్త్రజ్ఞులు తలచినారు. 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లి సమీపాన అది మళ్ళీ దొరికినది. దొరకడానికి కారణం బొమ్మను చూచి ఇది మా అడవిలో ఉన్నదని చెప్పగలిగిన స్థానికులే. కలివి పొదలలో తిరిగే కోడి అని వారి భాషలో దానికి పేరు నిలిచియున్నది. నల్లమలలో చెంచులకు ఇటువంటి జ్ఞానం ఎంతో కలదు. హైమెన్‌డార్ఫ్ 1943లో ప్రచురించిన గ్రంథం వారి జీవనాన్ని వివరించినది గాని, వారి పక్షిజ్ఞానాన్ని కూర్చొని వ్రాసికొనే పని మన వంటివారికి ఇంకా మిగిలియే ఉన్నది. అటవీశాఖలో పులుల జాడ తీసే పనిలోనూ, దారి చూపే పనిలోనూ నేడు చెంచు యువకులు ఉన్నారు. వారితో నడిచే భాగ్యం కలిగితే ముందు చెవులు అప్పగించి, తరువాత పుస్తకం తెరవవలెను.

ఒకరోజు యాత్రకు ఏర్పాట్లు స్వల్పమైనవే. అచ్చంపేట దాటి మన్ననూరు చేరితే అక్కడ అటవీశాఖ తనిఖీ కేంద్రం. రాత్రి 9 గంటల నుండి ఉదయం 6 గంటల వరకు శ్రీశైలం మార్గంలో వాహనాలను అనుమతించరు. 2024 జూలై నుండి ఒక్కసారి వాడి పారవేసే ప్లాస్టిక్ నిషిద్ధం. కావున నీళ్ళ సీసాలు, అన్నం డబ్బాలు ఇంటివే తెచ్చుకొనవలెను. పులుల అడవిలో ఇష్టం వచ్చినట్లు కాలినడకన తిరగడం కూడదు. ఫరహాబాదు వైపు శాఖవారి వాహనంలోనే పోవలెను. నడవదలచినవారికి అడవి అంచున ఉమామహేశ్వరం కొండ ఉన్నది. ఎండాకాలంలోనూ ఊట ఆగని ఆ లోయలో నీడ, నీరు, పండ్లచెట్లు మూడూ ఒకేచోట ఉండుటచేత పక్షులకు కొదువలేదు. వటవర్లపల్లి నుండి పోదగిన మల్లెలతీర్థం కూడా అట్టిదే. అయితే అక్కడ మెట్లు దిగేటప్పటి ఉత్సాహం ఎక్కేటప్పుడు ఉండదు.

వేళ ముఖ్యం. సూర్యోదయం నుండి తొమ్మిది గంటల లోపల చూచినదే చూచినట్లు. పదకొండు దాటితే పక్షులు నీడ పట్టును వెదకికొంటవి. మళ్ళీ సాయంత్రం నాలుగు తరువాతనే కదలిక. తెల్లని, మెరిసే బట్టలు వద్దు. అత్తరు పూసికొని వచ్చినా పక్షులకు అభ్యంతరం లేదుగాని, ట్రాన్సిస్టరుకు, ఫోనులో పాటలకు ఉన్నది. బైనాక్యులర్ మీద 8, 40 అనే అంకెలుంటే మొదటిది వస్తువును ఎనిమిదింతలు దగ్గర చేస్తుందని, రెండవది ముందటి అద్దం వ్యాసం 40 మిల్లీమీటర్లని అర్థం. ఎన్ని ఇంతలు పెరిగితే అంత మంచిదని షాపువాడు చెప్పే మాట నమ్మరాదు. ఇంతలు పెరిగినకొద్దీ చేతి వణుకూ పెరుగుతుంది, చూపు వెడల్పు తగ్గుతుంది. నలుగురికి ఒకటి ఉన్నా చాలును.

పక్షి కనబడగానే పుస్తకంలో బొమ్మ వెదకడం మొదలుపెట్టేవారు పక్షిని పోగొట్టుకుంటారు. ముందు పక్షినే చూడవలెను. పిచ్చుకంతనా, గోరువంకంతనా, కాకంతనా? ముక్కు గింజలు కొరికేదా, పూలలోకి దూరేదా, మాంసం చీల్చేదా? తోక చీలియున్నదా? నేలమీద గెంతుతున్నదా, నడుస్తున్నదా? ఎగిరినప్పుడు రెక్కలో ఏ రంగు బయటపడినది? కొమ్మ మీద కూర్చున్న పాలపిట్ట గోధుమవన్నె సాధారణ పక్షి; రెక్క విప్పినదా, నీలాల పెట్టె తెరచినట్లే. చివరి ప్రశ్న: ఏమని కూసినది? ఈ అయిదారు సమాధానాలు కాగితం మీద పడిన తరువాత పుస్తకం తెరిస్తే చాలాసార్లు పక్షి తనంతట తానే దొరుకుతుంది. సలీం అలీ 1941లో వ్రాసిన భారతదేశపు పక్షుల పుస్తకం ఇప్పటికీ దీనికి చక్కగా పనికివస్తుంది.

అడవిలో మొదటి అరగంట ఒక్క పిట్టా కనబడక నిరాశ కలుగుతుంది. అంతలో ఒక్కసారిగా చెట్టంతా పక్షులతో నిండుతుంది. ఐదు నిమిషాలలో మళ్ళీ నిశ్శబ్దం. ఇది యాదృచ్ఛికం కాదు. పలు జాతుల పక్షులు కలిసి ఒక జట్టుగా ఆహారం వెదకుతూ అడవిలో సాగిపోతుంటవి. ఒకటి బెరడు పగుళ్ళలోని పురుగులను, ఒకటి ఆకు అడుగున ఉన్నవాటిని, మరొకటి బెదిరి ఎగిరినవాటిని పట్టుకొంటుంది. పోటీ తక్కువ, డేగను కనిపెట్టే కండ్లు ఎక్కువ. శ్రీలంకలోని సింహరాజ వర్షారణ్యంలో ఈ జట్లను చాలాకాలం పరిశీలించినారు. మన భీంరాజ్‌కు దగ్గరి చుట్టమైన పక్షి అక్కడ జట్టుకు కావలివాడు. ఇతర పక్షుల కూతలను అనుకరిస్తూ జట్టును కూడగట్టుతుందని తేలినది. మన అడవిలోని భీంరాజ్ కూడా ఇతర పక్షుల గొంతును అనుకరించడంలో ఆరితేరినదే. కావలి కాయడానికి కూలిగా అప్పుడప్పుడు ఇతరుల నోటి ముందరి పురుగును కాజేయడమూ దానికి అలవాటే. కావున అనుభవజ్ఞులు అడవిలో ముందుగా భీంరాజ్ గొంతును వెదకుతారు. అది ఉన్నచోట తక్కినవి ఉంటవి. ఆ జట్టులో తోకపికిలిపిట్ట కనబడితే ఆ రోజు సార్థకమైనట్లే. మగపక్షి ముదిరినప్పుడు తల నల్లన, ఒళ్ళు తెల్లన. మూరెడు తెల్లని రిబ్బను వంటి తోక. వయసులో ఉన్నప్పుడు అదే పక్షి ఇటుకరాయి రంగులో ఉంటుంది. రెండూ వేర్వేరు జాతులని వాదించుకొన్న విద్యార్థులను నేనెరుగుదును.

నాగార్జునసాగర్ నీటిపక్షులను గురించి వ్రాయాలంటే మరొక వ్యాసం కావలెను. ఇక్కడ నేను ప్రత్యేకంగా చెప్పదలచినది పసుపుగొంతు పికిలిపిట్టను గురించి. మన ఊళ్ళలో సామాన్యంగా కనబడే పికిలిపిట్టకు తోక క్రింద ఎరుపు ఉంటుంది. దీనికి తల, గొంతు పసుపు. ప్రపంచంలో ఇది దక్షిణ భారతపు రాతికొండలలో తప్ప మరెక్కడా లేదు. బండరాళ్ళు, ముళ్ళపొదలు కలిసిన ఎండు కొండవాలు దానికి స్వర్గం. పచ్చని అడవిని చూచి ముచ్చటపడే మనము బోడిగుట్టను చూచి ఇది దేనికీ పనికిరాదు, కంకరకు ఇచ్చివేద్దామంటాము. ఆ బోడిగుట్టయే ఈ పక్షికి ఇల్లు. రాతి క్వారీలు దానికి ముఖ్యమైన ముప్పులలో ఒకటి. అంతర్జాతీయ పట్టికలో అది ఆపదలో ఉన్న జాతులలో చేరియున్నది.

ఇప్పుడు పాలపిట్ట. 2014 నుండి ఇది తెలంగాణ రాష్ట్రపక్షి. దసరానాడు దానిని చూస్తే శుభమని మన ప్రాంతంలో అన్ని మతాలవారికీ తెలిసిన ఆచారం. జమ్మి పూజకు పోయే స్నేహితులతోపాటు పొలం గట్లమీద దాని కొరకు వెదకని బాల్యం మనలో ఎవరికున్నది? నేడు పొలాలకు పోయే తీరిక లేనివారి కొరకు పక్షిని పట్టి, పంజరంలో పెట్టి, వీధి వీధికి తిప్పి పైసలకు చూపించేవారు బయలుదేరినారు. రెక్కలు కట్టిన పక్షి పండుగ దాటి బ్రతకడం అరుదు. శుభం కోరి చూచే చూపే దాని ప్రాణం తీస్తున్నదన్నమాట. ఇది చట్టరీత్యా నేరం. 2023లో వెలువడిన భారత పక్షుల స్థితి నివేదికలో పాలపిట్ట సంఖ్య గణనీయంగా తగ్గుతున్నదని, దాని స్థితిని అంతర్జాతీయంగా తిరిగి పరిశీలించవలెనని వ్రాసినారు. అదే నివేదిక ప్రకారం దీర్ఘకాలపు ధోరణి చెప్పగలిగిన 338 జాతులలో 60 శాతం తగ్గుముఖం పట్టినవి. సలీం అలీ కాలంలో చచ్చిన గొడ్డు పడినచోటల్లా వాలిన రాబందులు ఇప్పటి విద్యార్థులకు బొమ్మలోనే తెలుసు; పశువులకు ఇచ్చిన డైక్లోఫెనాక్ మందు వాటి మూత్రపిండాలను నాశనం చేసినదని తేలి, 2006లో పశువైద్యంలో దానిని నిషేధించేనాటికి చాలా ఆలస్యమైనది.

ఆ నివేదికకు ఆధారమేమి? శాస్త్రజ్ఞులు పదిమంది కూర్చొని వ్రాసినది కాదు. దాదాపు 30,000 మంది పక్షి పరిశీలకులు ఈబర్డ్ అనే జాబితాలో నమోదు చేసిన మూడు కోట్ల పైచిలుకు పరిశీలనలు దానికి పునాది. తేదీ, స్థలం, సమయం, ఏ పక్షి, ఎన్ని: ఈ అయిదు వివరాలున్న విద్యార్థి నోటుపుస్తకానికి అక్కడ ప్రొఫెసరు నోటుపుస్తకంతో సమానమైన విలువ. 2019లో యురేనియం అన్వేషణ కొరకు అమ్రాబాదు అడవిలో 83 చదరపు కిలోమీటర్లలో సర్వేకు సూత్రప్రాయంగా అనుమతి వచ్చినప్పుడు ప్రజలు వ్యతిరేకించినారు, సెప్టెంబరులో రాష్ట్ర శాసనసభ వ్యతిరేకంగా తీర్మానం చేసినది. అటువంటి ప్రశ్న మళ్ళీ ఎప్పుడు తలెత్తినా, ఈ అడవిలో ఏమున్నది అని అడిగేవారుంటారు. సలీం అలీ 1931-32 నాటి పట్టిక పక్కన పెట్టి చూపడానికి ఏటేటా తయారైన పట్టికలు మన చేతిలో ఉండవలెను. కళాశాల కమిటీవారు నాలుగు బైనాక్యులర్లు, రెండు పుస్తకాలు, ఏడాదికి రెండు పర్యాయాలు బస్సు ఖర్చు మంజూరు చేసినచో ఈ పని మన విద్యార్థులు చేయగలరు, విద్యార్థినులు కూడా. తల్లిదండ్రులకు నచ్చచెప్పే బాధ్యత మా అధ్యాపకులది.

అడవికి పోకముందు ఇంటివద్ద కన్ను తిప్పడం నేర్వవచ్చును. మహబూబ్‌నగర్‌లో పిల్లలమఱ్ఱి ఉన్నది. చెదలు పట్టి కొమ్మలు విరిగిపడుతుంటే 2018లో రోగికి సెలైన్ ఎక్కించినట్లు సీసాలు కట్టి మందు పట్టి కాపాడిన చెట్టు అది. మఱ్ఱిపండ్ల కాలంలో కోయిలలు, గోరువంకలు, చిలుకలు పండ్లకు చేరుతవి. నల్లగొండ పల్లెలలో వానకాలం వచ్చినదంటే బావిమీదికి వంగిన ఈతచెట్టుకు, తాటిమట్టలకు గిజిగాళ్ళ గూళ్ళు వేలాడుతవి. కిహింలో సలీం అలీ కనుగొన్నదేమంటే, మగపక్షి గూడును సగం కట్టి ఆపుతుంది. ఆడపక్షి వచ్చి లోపల దూరి పరీక్షించి ఒప్పుకుంటేనే తక్కిన సగం పూర్తి చేస్తుంది. గుడ్లు పెట్టగానే మగది పక్కనే రెండవ గూడు మొదలుపెట్టి మరొక ఆడపక్షి కొరకు ఎదురుచూస్తుంది. దీనిని నిర్ధారించడానికి అడవి అక్కరలేదు, ఒక బావి గట్టు, రెండు వారాల ఓపిక చాలును. తొలకరి ముందర, మే నెలాఖరులో, ఉత్తరానికి పోతూ అలసి ఊరి తోటలలో దిగే నౌరంగ్ పిట్ట కూడా తెల్లవారుజామున రెండు స్వరాల ఈలతో పలుకరించవచ్చును. అది నేలమీద ఎండుటాకులు తిరగవేస్తూ తిరుగుతుంది గనుక, ఆ రోజులలో పైకి చూడక క్రిందికి చూడవలెను.